సేవయు వెట్టియు: ఒంగోలు మాదిగల క్రైస్తవభక్తిలో ప్రార్థన, పరిచర్యల పరిణామము (1854–1878)

క్రైస్తవభక్తికి ప్రార్థనయు పరిచర్యయు రెండు కన్నులవంటివని ఆ మతాచార్యులు చెప్పుదురు. 6వ శతాబ్దిలో ఇటలీ దేశమున బెనెడిక్టు రచించిన మఠనియమావళి ఈ రెంటిని దినచర్యలో జతపరచినది. మఠమున చేరినవాడు ధనికుని కుమారుడైనను పండితుడైనను, తన వంతు వచ్చిన వారమున వంటశాలలో పనిచేసి తోడివారికి వడ్డింపవలసినదే. అట్టి పనివలన అహంకారము తొలగి, మనస్సు ప్రార్థనకు పక్వమగునని ఆ నియమముయొక్క తాత్పర్యము. అయితే ఈ బోధలో పైకి చెప్పని భావమొకటి ఇమిడియున్నది. వినయమును సాధనగా స్వీకరించువాడు మొదట ఎత్తున ఉన్నవాడై యుండవలెను. దిగివచ్చుటకు మెట్లున్నవానికే దిగివచ్చుట సాధన యగును. పుట్టినది మొదలు అందరికిని దిగువనే నిలుపబడి, అందరి పనియు బలవంతమున చేసిన జనమునకు వినయపూర్వకమైన సేవను గూర్చిన బోధ ఏ అర్థమునిచ్చును? వారి భక్తి ఏ దారిని లోతు సంపాదించుకొనును?

ఆంధ్రదేశ క్రైస్తవ చరిత్రలో ఈ ప్రశ్నను నిలిపి చూడదగిన తావు ఒంగోలు. అమెరికా బాప్టిస్టు మిషను చరిత్రలు 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిన వార్తను ప్రధానముగా చెప్పుచుండును. మెచ్చువారును ఆ సంఖ్యనే చూపుదురు. కరవులో అన్నము చూపి మతము మార్చిరని ఆక్షేపించువారును ఆ సంఖ్యనే చూపుదురు. ఆ దినమునకు వెనుకనున్న ఇరువదినాలుగేండ్ల కాలమును పరిశీలించినచో వేరొక విషయము తేటపడుచున్నది. వెట్టిగా నున్న సేవ, ఇష్టపూర్వకమైన పరిచర్యగా మారుటయే అచ్చటి భక్తిపరిణామమునకు మూలసూత్రమనియు, ఆ మార్పునకు ప్రార్థన ఆధారమైనదనియు ఈ వ్యాసమున నిరూపింప యత్నించుచున్నాను.

ముందుగా పదముల విషయము విచారింతము. తెలుగున సేవాభావమును తెలుపు మాటలు అనేకములు గలవు. సేవ, కైంకర్యము, కొలువు, ఊడిగము, చాకిరి, వెట్టి, పరిచర్య అనునవి వానిలో కొన్ని. ఇవి పర్యాయపదములవలె కనబడినను సమానములు కావు. 'కొలుచు' అను క్రియ పూజించుటకును సేవించుటకును చెల్లును. కనుక దేవుని కొలుచువాడును ప్రభువును కొలుచువాడును ఒకే మాటచేత చెప్పబడుదురు. నవవిధభక్తులలో దాస్యమొకటి. వైష్ణవుల వాడుకలో కైంకర్యము గౌరవవాచకము. 'వెట్టి' యన్ననో సంస్కృతమందలి 'విష్టి' శబ్దమునకు తద్భవము. ప్రతిఫలమునకు హామీలేని, కాదనుటకు వీలులేని పని దానికి అర్థము. దాస్యభక్తిని కోరి స్వీకరించిన భక్తకవికి ఆ దాస్యము అలంకారమైనది. ఊరిబయటి గూడెమున పుట్టినవానికి దాస్యము కోరుకొనదగినది కాలేదు. అది వాని జన్మతోనే వచ్చెను. తెలుగు బైబిలు అనువాదకులు ఈ మాటలలో 'పరిచర్య'ను ఏరుకొని విరివిగా వాడిరి. ఆ ఎన్నిక ఎంత ఉచితమో ఒంగోలు చరిత్ర చూపును.

19వ శతాబ్దమధ్యమున ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. ఆ ప్రాంతపు మాదిగలు రైతుకు చెప్పులు, మోటకు తోలు, పశువులకు తోలుపట్టెడలు సమకూర్చుచుండిరి. చచ్చిన పశువును మోసికొని పోవుచుండిరి. జాతరలలో డప్పు కొట్టుచుండిరి. ఊరి పెద్దలు పిలిచినప్పుడు మూటలు మోయుట, కబురందించుట మొదలగు పనులు చేయుచుండిరి. అందుకు కళ్లమువద్ద కొంత గింజ లభించెడిది. పని చేయను అని చెప్పు హక్కు మాత్రము లేకుండెను. ఊరిబావి, గుడి, బడి వారికి నిషిద్ధములు. సేవను గూర్చి ఇట్టివారికి క్రొత్తగా బోధింపవలసినదేమియు లేదు. సేవ యన్న మాట వారి చెవికి ఎట్లు వినబడినదో ఊహించుట మాత్రము చరిత్రకారుని విధి.

ఇక ప్రార్థన సంగతి. అమెరికా బాప్టిస్టు మిషనుకు చెందిన సామ్యూల్ డే 1836లో తెలుగుదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు కేంద్రముగా పని ప్రారంభించెను. ఏండ్లు గడచినను చేరినవారు కొద్దిమందియే. కావున 1848, 1853, 1862 సంవత్సరములలో ముమ్మారు ఈ తెలుగు మిషనును మూసివేయుదమా యని అమెరికాలో చర్చ జరిగెను. 1849లో నెల్లూరు చేరిన లైమన్ జూయెట్ దానిని విడుచుటకు అంగీకరింపలేదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆయనయు ఆయన భార్యయు, నరసు అను క్రైస్తవుడు, జూలియా, రూతు అను ఇరువురు తెలుగు స్త్రీలును ఒంగోలు కొండనెక్కి, ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. ఆ కొండ నేటికిని ప్రార్థన కొండయని ప్రసిద్ధము. మిషను చరిత్రకారులు జూయెట్ పేరును పదేపదే చెప్పుదురు. ఆ ఐదుగురిలో ముగ్గురు తెలుగువారనుటయు, అందు ఇరువురు స్త్రీలనుటయు గుర్తింపదగిన విశేషములు. ఆనాడు వారికి చేతనున్నది ప్రార్థన యొక్కటియే. వారు కోరిన మనిషి వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టెను.

1836లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించి, యౌవనమున మిన్నెసోటాలో ప్రభుత్వపు భూమికొలతల పని చేసిన జాన్ ఎవరెట్ క్లౌ 1865లో భారతదేశమునకు వచ్చి, 1866లో ఒంగోలున స్థిరపడెను. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను. అయినను ఆ ప్రాంతపు ఉద్యమమునకు ఆద్యుడు క్లౌ అనుట పూర్తిగా సత్యము కాదు. యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ అంతకు పూర్వమే వెదకుచు బయలుదేరియుండెను.

పేరయ్య తోళ్ల వ్యాపారి. ఇతని జీవితమును ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' అను గ్రంథమున చెప్పియున్నది. చెప్పులు కుట్టుచు అని ఆ పేరునకు అర్థము. వృద్ధులైన మాదిగ బోధకుల నోట విన్న వృత్తాంతములనుండి ఈమె తన గ్రంథమును కూర్చినది. దానినిబట్టి పేరయ్య క్రైస్తవుడు కాకపూర్వమే వీరమ్మ యను స్త్రీ గురువువద్ద రాజయోగము నభ్యసించినవాడు. ఏకాంతమున కూర్చుండి, మనస్సును నిగ్రహించి, విగ్రహముతో పనిలేని పరమాత్మను ధ్యానించుట అతనికి అలవాటు. ఇట్టి గురుసంప్రదాయములు ఆనాటి మాదిగపల్లెలలో పెక్కు ఉండెను. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యులలో దూదేకుల సిద్ధయ్యతోపాటు మాదిగ కక్కయ్య పేరును సంప్రదాయము చెప్పుచున్నదికదా! కావున గూడెములలో లోతైన ఉపాసన లేకుండెననియు, దానిని మిషనరీలే తెచ్చిరనియు భావించుట పొరపాటు.

వ్యాపారము నిమిత్తము ఉత్తరమునకు పోయిన పేరయ్య ఏలూరు ప్రాంతమున చర్చి మిషనరీ సంఘమువారి బోధను వినెను. పిదప ఒంగోలున విచారించి, 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. అటుపై తన పల్లెకు తిరిగిపోయి బంధువులకు బోధింపసాగెను. 1867 జనవరిలో క్లౌ ఆ పల్లె సమీపమున గుడారము వేసినప్పుడు 28 మంది బాప్తిస్మమునకు సిద్ధపడియుండిరి. వారిని సిద్ధపరచినవాడు పేరయ్య. యోగమునందలి ఏకాగ్రత అతనిని విడువలేదు. దాని ముఖము మాత్రము మారెను. పూర్వము ధ్యానము అతనిని జనమునుండి ఏకాంతమునకు తీసికొనిపోయినది. ఇప్పుడు ప్రార్థన అతనిని పల్లెపల్లెకు నడిపించినది. ప్రార్థనకును సేవకును గల సంబంధము ఈ యొక్క జీవితమున కండ్లకు కట్టినట్లు కనబడును.

ఒంగోలులోని పై కులములవారు మొదట క్లౌ స్థాపించిన పాఠశాలపట్ల ఆదరము చూపిరి. మాదిగలను చేర్చుకొన్నచో తమ పిల్లలను పంపమనిరి. ఏమి చేయవలెనో తోచక క్లౌయు, ఆయన మొదటి భార్య హారియెట్టును వేర్వేరు గదులలో ప్రార్థించి బైబిలు తెరచిరనియు, ఇరువురికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమున ఒకే ఘట్టము కనబడెననియు క్లౌ తన ఆత్మకథలో వ్రాసినాడు. దేవుడు ఘనులను కాక బలహీనులను ఏర్పరచుకొనెనను భావము గల ఘట్టమది. అటుపై ఆయన మాదిగల పక్షమున నిలిచెను. దీనిని అద్భుతముగా నెంచుటయు యాదృచ్ఛికముగా నెంచుటయు పాఠకుని విశ్వాసమునుబట్టి యుండును. ఆ నిర్ణయము వారికి లాభమైన దారిని మూసినదనుట మాత్రము నిర్వివాదము.

క్రొత్తగా చేరినవారికి క్లౌ విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. పైపైన చూచినచో ఇవి ఆచారనియమములు. వెట్టివ్యవస్థతో పోల్చి చూచినప్పుడే వీని బలము తెలియును. ఆదివారము పని మానుట యనగా, ఏడు దినములలో ఒక దినము నాది కాదు, నీది కాదు, దేవునిది అని ఊరి పెద్దతో చెప్పుట. చచ్చిన పశువు మాంసము మానుట యనగా, తరతరముల అవమానచిహ్నమును త్రోసివేయుట. విగ్రహపూజ మానుట యనగా, జాతరలో డప్పు కొట్టుటకు పోకుండుట. ఈ మూడింటివలన ఊళ్లలో కలహములు పుట్టినవి. పని ఇయ్యకుండుట, కొట్టుట, తప్పుడు నేరములు మోపుట మొదలగు బాధలను క్రైస్తవులు పడిరి. ప్రార్థనకై ఒక దినమును నిలుపుకొనుటకు వారు చెల్లించిన మూల్యమిది. సావకాశము గలవాడు చేయు ప్రార్థనతో దీనిని సమముగా తూచరాదు. పని కాదనగల శక్తి వచ్చినప్పుడే చేసిన పని తన ఇష్టముచేత చేసినదగును. కావున పరిచర్యకు పునాది ఈ నిరాకరణమునందే పడినదని నా అభిప్రాయము.

ఆ పరిచర్యకు పరీక్ష 1876లో వచ్చెను. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనెడి ఆ మహాక్షామము 1878 వరకు దక్షిణదేశమును పీడించెను. వానలు లేక పైరులు ఎండెను, గింజల ధరలు పెరిగెను, పశువులు చచ్చెను. భూమిలేని కూలివాడు అందరికంటె ముందు కూలిపోయెను. ప్రభుత్వము కరవుపనిగా సముద్రతీరపు కాలువ త్రవ్వకమును చేపట్టెను. అప్పటి మద్రాసు గవర్నరగు బకింగ్‌హాం ప్రభువు పేర బకింగ్‌హాం కాలువగా నేడు మన మెరుగునది అదియే. కరవుపనులలో మాదిగలకు చోటు దొరకుటయే కష్టముగా నుండెను. దొరకినను పైమనుష్యుల చేతిలో పడరాని పాట్లు పడుచుండిరి. అది చూచి క్లౌ కాలువలో మూడున్నర మైళ్ల భాగమును తానే కంట్రాక్టుకు తీసికొని, రాజుపాలెమువద్ద శిబిరము నెలకొల్పెను. పూర్వము నేర్చిన భూమికొలతల విద్య ఇచ్చట అక్కరకు వచ్చెను.

ఈ శిబిరమున గమనింపదగిన అంశములు రెండు. మొదటిది, పని కొలతప్రకారము జరిగి, కూలి ముట్టెను. వెట్టి యెరిగినవానికి కూలియే ఒక గౌరవము. రెండవది, పనిపై నిలిచినవారు మాదిగ బోధకులు. నిన్నటివరకు ఊరి పెద్ద కేకకు పరుగెత్తిన కులమునుండి వచ్చినవారే నేడు మట్టి కొలిచి, లెక్క వ్రాసి, రోగిని విచారించి, ఆకలిగొన్నవానిని పనిలో చేర్చుచుండిరి. విరామవేళలలో వారు కూలీల నడుమ కూర్చుండి బోధించుచుండిరి. ప్రయాసపడి భారము మోయువారిని క్రీస్తు తనయొద్దకు పిలిచిన వాక్యము అక్కడ మరల మరల చెప్పబడెనట. పలుగు, పార, గంపలతో దినమంతయు మన్ను మోసినవాడు ఆ వాక్యమును వినుట వేరు, మేడలో చదివికొనుట వేరు. ఇచ్చట వినయసేవ రూపము మారినది. బోధకుడు పైనుండి దిగివచ్చి సేవింపలేదు. తనవంటివానినే, తన చుట్టమునే, ఎవరి ఆజ్ఞయు లేకయే సేవించెను. మాదిగకు మాదిగ చేసిన ఈ సేవకు ఊరిలో పాతపేరు లేదు. బైబిలు అనువాదకుల 'పరిచర్య' దానికి చక్కగా పొసగినది.

కరవుకాలపు సహాయమే మతాంతరమునకు హేతువను ఆక్షేపణను ఈ సందర్భమున విచారింపవలెను. ఆ ఆక్షేపణను క్లౌ ముందుగనే శంకించినాడు. కావున కరవు సాగుచున్నంతకాలము, ఏడాదికి పైగా, ఎవరికిని బాప్తిస్మమీయక ఆపివేసెను. 1878 జూనులో వెల్లంపల్లి యొద్దకు క్రైస్తవులను పిలిపించినప్పుడు, పిలువని జనము వేలకొలదిగా వచ్చి బాప్తిస్మము నడిగిరి. ఇక నాయొద్ద పనియు లేదు, పైకమును లేదు, పొండు అని ఆయన చెప్పెను. మాకు మీ పైకము వద్దని వారు బొబ్బలెక్కిన అరచేతులు చూపి, పనిచేసి బ్రతికితిమి, ఇకముందును పనిచేసికొందుము, పైరు రాక చావవలసివచ్చినచో క్రైస్తవులమై చత్తుము అను భావముతో సమాధానమిచ్చిరని ఆయన వ్రాసియున్నాడు. చేతి బొబ్బలను ప్రమాణముగా చూపుట ఎంత అర్థవంతమైన సంగతి! వెట్టిచేసినవాని బొబ్బలు వాని హీనతకు గుర్తు. ఈ బొబ్బలు వారి మాటకు సాక్ష్యము.

బోధకులు ఒక్కొక్కరిని విచారించిన పిమ్మట జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి, మొత్తము మూడు దినములలో 3,536 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మము జరిగెను. జూలై 3న నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున ఆరుగురు వంతులవారీగా ఆ కార్యమును నడిపిరి. క్లౌ ఆ దినమున తాను స్వయముగా ఎవరికిని బాప్తిస్మమీయలేదు. సంఖ్యకంటె ఈ విషయమే నాకు ముఖ్యముగా తోచుచున్నది. తాకినచో మైలయని లోకము చెప్పిన చేతులే ఆ దినమున వేలమందిని నీటిలో ముంచి లేవనెత్తినవి.

ఇంతమాత్రమున ఆకలికిని విశ్వాసమునకును సంబంధమే లేదని వాదించుట న్యాయము కాదు. కరవున తమను మనుష్యులుగా చూచినవారియందు జనమునకు నమ్మకము కుదిరినది. అది సహజము. కాని ఆ నమ్మకమును కేవలము అన్నముపై ఆశగా భావించుట, పేదవానికి హృదయము లేదని చెప్పుటతో సమానము. ధనికుడు తన మేలుచేసినవానిని నమ్మినచో కృతజ్ఞత యందుము. పేదవాడు నమ్మినచో ఆశ యందుము. ఈ పక్షపాతము చరిత్రరచనలో ఉండరాదు. ఆ మూడు దినములలో చేరినవారందరును సమానమైన భక్తిపరులైరని చెప్పుటయు అతిశయోక్తియే. వేలకొలది జనమునకు బోధకులు చాలలేదు; పాత ఆచారములు ఒక్కసారి తొలగలేదు. భక్తి లోతెక్కుట ఒక దినమున జరుగు పని కాదు.

ఆధారముల విషయమునను జాగరూకత అవసరము. మనకు దొరకుచున్న ప్రధానగ్రంథములు మిషనరీలు వ్రాసినవి. 1910లో మరణించిన క్లౌ ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' 1914లో ప్రకటింపబడినది. దానిని సంధించినది ఆయన రెండవ భార్యయగు ఎమ్మా. ఈ గ్రంథములలో మాదిగల మాట ఆంగ్లమున, పరుల కలముద్వారా మనకు చేరుచున్నది. పేరయ్య తన భాషలో ఏమని ప్రార్థించెనో, నాగమ్మ పొయ్యియొద్ద ఏమని తలచుకొనెనో ఆ పుటలనుండి సూటిగా గ్రహింపలేము. 1854లో కొండనెక్కిన జూలియా, రూతులను గూర్చి చరిత్రకారులు వ్రాసినది జూయెట్‌ను గూర్చి వ్రాసినదానిలో పదవవంతైనను లేదు.

కావున పరిశోధకవిద్యార్థులు ఈ రంగమున చేయవలసిన పని చాల కలదు. ప్రకాశము జిల్లా పల్లెలలోని పాత సంఘముల జాబితాలు, కుటుంబములలో చెప్పుకొను పూర్వుల కథలు, రాజయోగ గురువుల తత్త్వములకును క్రైస్తవ కీర్తనలకును గల పదసామ్యములు పరిశీలింపదగినవి. అచల, రాజయోగ పరిభాష క్రైస్తవుల ప్రార్థనభాషలోనికి ఎంతవరకు వచ్చినదో తేల్చుట తెలుగు శాఖలు చేయదగిన పని. ఇతర శాఖలవారికి అది సులభము కాదు.

ప్రస్తుతమునకు ఈ చరిత్రవలన తేలిన సారాంశమిది. వినయము, సేవ అను మాటలను ఎవరికి బోధించుచున్నామో తెలిసికొని బోధింపవలెను. పైనున్నవానికి వినయము దిగివచ్చుట. దిగువన ఉంచబడినవానికి మొదట కావలసినది నిటారుగా నిలుచుట. నిలిచినపిమ్మట అతడు కోరి వంగినచో ఆ వంగుట వినయమగును. ఒంగోలు మాదిగలకు ఆదివారపు ప్రార్థన నిలుచుట నేర్పెను. రాజుపాలెపు కాలువకట్ట కోరి వంగుట నేర్పెను. ఈ వరుస తప్పించి, నిలుచుటకు ముందే వంగుమని బోధించినచో ఆ బోధ వెట్టికి మతముద్ర వేయుటయే యగును. క్రైస్తవసంఘములకే కాక, భక్తిని ప్రబోధించు ప్రతి సంప్రదాయమునకును ఈ హెచ్చరిక వర్తించునని విన్నవించుచున్నాను.